కంపెనీ కాలు

పెళ్ళయిన ఆడదాని లిప్‌స్టిక్ పరాయి మగవాడి చొక్కా మీద కనిపిస్తే మా ఊళ్ళో ఆదివారం ప్రార్థన ముగిసేలోగా అందరికీ తెలిసిపోతుంది. నా లిప్‌స్టిక్ మాత్రం ఊళ్ళో చాలామంది మగవాళ్ళ మడమల మీదా చీలమండల మీదా ఉండేది. దానికి నాకు వారం వారం జీతం కూడా ఇచ్చేవారు.

మాది స్కేట్ల ఫ్యాక్టరీ. మంచుగడ్డ మీద హాకీ ఆడేవాళ్ళు తొడుక్కునే, అడుగున ఉక్కుపలక ఉండే బూట్లు తప్ప ఇంకొకటి చేసేవాళ్ళం కాదు. కుట్టే బల్లల దగ్గర కూర్చుని కూర్చుని నా నడుం పట్టేశాక నన్ను పరీక్ష గదిలో వేశారు. ఆ గది తలుపు తీస్తే ఊరి రింకు, మంచు గడ్డకట్టిన ఆటస్థలం. కొత్త బూటు తయారైతే నలుగురైదుగురు ఆటగాళ్ళు దాన్ని తొడుక్కుని మంచు మీద తిరిగి, చెమటలు కక్కుతూ వచ్చి నా ముందు బెంచీ మీద కూలబడేవారు. బూటు లాగేయగానే కాలి మీద ఎర్రమచ్చలు కనిపిస్తాయి. ఎక్కడ ఎరుపు ఉంటే అక్కడ బూటు నొక్కుతోందన్నమాట. చూస్తూండగానే మాయమవుతాయవి. అవి పోకముందే వాటి మీద లిప్‌స్టిక్ రాసి, కాలు మళ్ళీ బూటులో పెట్టించి తీయిస్తే లోపలి బట్ట మీద ముద్ర పడేది. ముద్ర పడ్డచోట బూటుని వేడిచేసి బయటికి తోసేవారు. మొగుడున్నదాన్ని, పరాయి మగాళ్ళ కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని ముస్తాబు చేయడం నా ఉద్యోగం.

ఆ కాళ్ళన్నిటికీ పెద్ద కాలు మా ఆయన రేయాల్‌ది. దాన్ని అందరూ కంపెనీ కాలు అనేవారు. రేయాల్ వయసులో ఉన్నప్పుడు మంచి డిఫెన్స్ ఆటగాడు. ఆయన ఆట మానేసినా ఆ కాలు ఉద్యోగం మానలేదు. దాని కొలతకే మేపుల్ చెక్కతో అచ్చు చేశారు, ఆ అచ్చు మీదే బూటు కుడతారు. చిన్న సైజులూ పెద్ద సైజులూ దాన్ని తగ్గించీ పెంచీ తీసినవే. ఎక్కడో ఊరూ పేరూ తెలియని కుర్రాడు కూడా మా ఆయన కాలి ఆకారంలోనే నిలబడి ఆడేవాడు. అందుకని రేయాల్ ఆ కాళ్ళని అపురూపంగా చూసుకునేవాడు. ఎండాకాలం నదిలో దిగినా జోళ్ళతోనే దిగేవాడు. మా చెల్లెలి పెళ్ళిలో డాన్సుకి లాగితే, కొత్త జోళ్ళు కరుస్తాయని కుర్చీలోంచి లేవలేదు. పిల్లలు లేని ఇంట్లో ఆ రెండు కాళ్ళనే ఇద్దరం పెంచుకున్నామనుకోవచ్చు.

అచ్చులు చేసేది రేయాల్ అన్న ఒనేజిమ్. పెళ్ళి చేసుకోలేదు. మా మేడ మీద గదిలో ఉంటూ మా బల్ల దగ్గరే భోంచేసేవాడు. ప్రతి ఏడూ ఆటల కాలం మొదలయ్యే ముందు తమ్ముడి కాలి చుట్టూ టేపు పెట్టి కొలిచి, తర్వాత అచ్చు చుట్టూ పెట్టి కొలిచేవాడు. కొన్నేళ్ళుగా అచ్చు కాస్త తక్కువకి వస్తోంది. కారణం ఒనేజిమ్ ఇట్టే కనిపెట్టేశాడు. ఆవిరి గొట్టాల వేడికి చెక్క ఎండి కుంచించుకుపోతోంది. పల్చటి తోలు ముక్క అంటించి, ఆకురాయితో నున్నగా రాకి, అచ్చుని కాలికి సరిపెట్టేవాడు. మరుసటేడు మళ్ళీ ఇంకో ముక్క. ఇక్కడ ఎంత మందం అంటిస్తే ఆ లెక్కనే మిగతా సైజుల అచ్చులకీ అంటించేవాడు. మాలో ఎవరికీ అనుమానం రాలేదు. కాలు కొలత. కొలత ఎలా మారుతుంది? మారితే చెక్కే మారాలి.

ఆ చలికాలం మా యజమాని జాంగ్రా గారు ఫ్యాక్టరీ మొత్తాన్ని, లోపలి మెత్త తగ్గించి తేలిక చేసిన ఒక కొత్త బూటు మీద పందెం కాశారు. కాలేజీ జట్లు ఆ బూటుని ఒప్పుకుంటే ఎండాకాలమంతా అందరికీ చేతినిండా పని. ఒప్పుకోకపోతే ఈస్టర్ నాటికి కుట్టే బల్లలు మూసేసి ఆడవాళ్ళని ఇళ్ళకి పంపించేయాలి. ఈ సంగతి ఆయన మా దగ్గర దాచలేదు. దాచి ఉంటే కాస్త నిద్రైనా పోయేవాళ్ళం.

నవంబరులో మొదటి జతలు పరీక్షకి వచ్చాయి. అందరికంటే ముందు నోరు విప్పింది మా పోస్ట్‌మాన్ క్లెర్మాన్. ముప్పై దాటిన మనిషి, ఊరి జట్టులో అంచు వెంట దూసుకెళ్ళే వింగర్, కంపెనీ కాలి సైజే అతని కాలూనూ.

"మడమ నిలవట్లేదు ఫెర్నాండ్," అన్నాడు నాతో, బెంచీ మీద చతికిలబడి.

"లేసు సరిగ్గా లాగి ఉండవు," అన్నాడు పక్కనున్న రేయాల్.

"వేళ్ళు తెగేట్టు లాగాను."

"కట్టేముందు మడమ నేలకేసి కొట్టావా?"

"కొట్టాను. పక్క గదిలో కునుకు తీస్తున్న కాపలా ముసలాయన లేచి కూర్చున్నాడు, కావాలంటే అడుగు."

అందరూ నవ్వారు. రేయాల్ నవ్వకుండా అతని ముందు మోకాళ్ళ మీద కూర్చుని, లేసులన్నీ విప్పి మళ్ళీ తనే కట్టాడు. ఆ పనిలో ఆయన చేతులు ఫాదర్‌గారు పూజ చేసినంత పద్ధతిగా కదిలేవి. బూటు నాలిక సరిచేసి, కాలు వెనక్కి తన్నించి, కింద వదులుగా, చీలమండ దగ్గర బిగువుగా, పైన మళ్ళీ కాస్త వదులుగా లాగాడు.

"నిలబడు. వేళ్ళు ఎక్కడున్నాయి?"

"బూటు ముక్కుకి తగుల్తున్నాయి."

"మోకాళ్ళు వంచు."

"వెనక్కొచ్చాయి."

"మరింకేం? అలాగే ఉండాలి."

"నిలబడితే బానే ఉంటుంది. మలుపు తిరిగితే మడమ లేస్తోంది. నేను ఎడమకి పోతున్నా, బూటు ఇంకా ఆలోచించుకుంటోంది."

"గుమ్మం గుమ్మం తిరిగి నీ కాళ్ళు అరిగిపోయాయి క్లెర్మాన్. ఆడలేక మద్దెల ఓడన్నాట్ట. ఇదే బూటు, ఇదే సైజు, నేను వేసుకుని ఇందాకే పది చుట్లు తిరిగొచ్చా. చేతికి గ్లవుజు తొడిగినట్టుంది."

దాంతో క్లెర్మాన్ నోరు మూతపడింది. రేయాల్ బాగుందన్న బూటుని బాగాలేదనడానికి మా ఫ్యాక్టరీలో ఎవరికీ అధికారం లేదు. జాంగ్రా గారికి కూడా లేదు.

నేను క్లెర్మాన్ కాలు ఒళ్ళోకి తీసుకున్నాను. మడమకి రెండు పక్కలా లేత గులాబీ రంగు ఉండాలి, బూటు అక్కడ పట్టుకోవాలి కాబట్టి. అక్కడ కాలు తెల్లగా ఉంది. మడమ వెనక మాత్రం ఒరుసుకుని బొబ్బ లేచింది. కాలివేళ్ళ కొసలు ఎర్రగా ఉన్నాయి. జారే బూటుని వేళ్ళతో పట్టుకోవాలని చూస్తే అలాగే అవుతుంది. తర్వాత కూర్చున్న వాళ్ళ కాళ్ళు కూడా అదే చెప్పాయి. ఒక్క మా ఆయన కాలు మాత్రం, నొక్కు లేదు, ఒరుపు లేదు, కందిపోవాల్సిన చోట సమంగా కంది, చూడముచ్చటగా ఉంది. లిప్‌స్టిక్ తీయాల్సిన పనే లేదు. అంతకుముందైతే చూసి మురిసిపోయేదాన్ని. ఆ రోజు ఎందుకో మురిపెం రాలేదు.

ఆ శనివారం సాయంత్రం రేయాల్ స్నానం చేసి తడికాళ్ళతో వంటింట్లోంచి గదిలోకి నడిచాడు. పొయ్యి మీద బఠాణీ సూపు కలుపుతున్నదాన్ని వెనక్కి తిరిగి నేల మీద అడుగులు చూశాను. పెళ్ళయిన కొత్తలో ఆ తడి అడుగులు చూసి నవ్వుకునేదాన్ని. ముందు ఒక ముద్ద, వెనక ఒక ముద్ద, రెంటినీ కలుపుతూ పక్కన సన్నటి గీత. ఇప్పుడు ఆ గీత లేదు. అడుగంతా ఒకటే, పెనం మీద పోసిన పిండిలా పరుచుకుని ఉంది. అరికాలి వంపు పూర్తిగా కిందికి దిగిపోయింది. వంపు దిగితే కాలు పొడవూ పెరుగుతుంది, వెడల్పూ పెరుగుతుంది.

గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయాను. ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. పొద్దున మంచం దిగగానే గోడ పట్టుకుని నడవడం. చర్చికి వేసుకునే నల్లజోళ్ళు పెట్టెలో పడేసి, తోలు ఎండిపోయిందనడం. ఆ ఇంట్లో ఎండిపోనిది లేదు. చెక్క ఎండిపోయింది, తోలు ఎండిపోయింది, మా ఆయన కాలు మాత్రం నిక్షేపంలా ఉంది.

గుడ్డ తెచ్చి ఆ అడుగులు తుడిచేశాను.

ఒనేజిమ్ మేడ దిగి వస్తూ, "ఏం ఒలికింది మరదలా?" అన్నాడు.

"నీళ్ళు," అన్నాను.

భోజనాల దగ్గర ముగ్గురం ఎప్పటిలాగే కూర్చున్నాం. అన్నదమ్ములిద్దరూ మడమ కప్పు లోతు గురించి మాట్లాడుకున్నారు. నేను సూపు చల్లారేదాకా కలుపుతూ కూర్చున్నాను. చెప్పాలా, మానాలా? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. చెబితే రేయాల్‌కి ఆ ఫ్యాక్టరీలో ఇంకేం మిగులుతుంది? ఆయనకి వేరే పని రాదు, ఇన్నేళ్ళూ నేర్చుకోవాల్సిన అవసరం పడలేదు. చెప్పకపోతే కుట్టే బల్లల దగ్గర నాతో ఏళ్ళ తరబడి నడుములు అరగదీసుకున్న ఆడవాళ్ళు ఈస్టర్‌కి రోడ్డున పడతారు. ఆ చలికాలం నాకు మంచు ఊడ్చి అలసట రాలేదు, పని చేసి రాలేదు. ఈ ఒక్క మాటని నోట్లో పెట్టుకుని తిరిగి తిరిగి అలిసిపోయాను.

కొత్త సంవత్సరం వెళ్ళాక కాలేజీ జట్టు కోచ్ తనే ట్రక్కు నడుపుకుంటూ వచ్చి, వేసి చూడమని మేమిచ్చిన జతలన్నీ ఉన్న సంచీని పరీక్ష గది మధ్యలో దింపాడు.

"మావాళ్ళు మలుపు తిరిగితే బూటొక దారి, కాలొక దారి," అన్నాడు. "ఇద్దరు పడ్డారు. ఒకడికి మోకాలు వాచింది."

జాంగ్రా గారి మొహం పాలిపోయింది. రేయాల్ వైపు చూశారు. రేయాల్ సంచీలోంచి తన సైజు జత వెతికి తీసి, కట్టుకుని, మంచు మీదికి వెళ్ళాడు.

ఆయన స్కేటింగ్ చూసి చాలా రోజులైంది. అంచు దగ్గర చెక్క అడ్డుకి ఆనుకుని నిలబడ్డాను. కాళ్ళు అడ్డంగా వేస్తూ మలుపు తిరిగాడు, వెనక్కి తిరిగాడు, ఉన్నపళంగా ఆగి మంచుపొడి లేపాడు. జుట్టు నెరిసిన మనిషి, పొద్దున గోడ పట్టుకుని నడిచిన మనిషి, అక్కడ ఎక్కడా తడబడలేదు. బూటు ఆయన కాలిని వదల్లేదు. చూడ్డానికి ఎంత బాగుందంటే నాకు ఏడుపొచ్చింది.

"చూశారుగా," అన్నారు జాంగ్రా గారు కోచ్‌తో. "బూటులో దోషం ఉంటే ఈయన అలా తిరగగలడా?"

"ఈయన తిరుగుతున్నాడు, కాదనను," అన్నాడు కోచ్. "ఆయన్ని మా జట్టుకి పంపిస్తారా మరి?" నెలాఖరు దాకా చూస్తామని, ఆ తర్వాత వేరేచోట కొనుక్కుంటామని చెప్పి ట్రక్కెక్కాడు.

నా పక్కన నిలబడ్డ క్లెర్మాన్ గొంతు తగ్గించి అన్నాడు, "ఆయన కాలు నాకు అతికించండి, నేనూ అలాగే తిరుగుతా."

ఆ మాట అతను వెటకారానికే అన్నాడు. నేను మాత్రం అతని మొహంలోకి చూడలేకపోయాను. లోపల జాంగ్రా గారు అందరికీ వినపడేలా చెబుతున్నారు. తోలు బండి రాగానే కోత మొదలెడతాం, అచ్చు మార్చేది లేదు, కాలేజీవాళ్ళకి లేసులు కట్టుకోవడం నేర్పిద్దాం.

మర్నాడు మంచు తుపాను పట్టుకుంది. దారులు మూసుకుపోయి తోలు బండి రాలేదు. మధ్యాహ్నం భోజనాల గంట కొట్టగానే నేను అచ్చుల గదికి వెళ్ళాను. ఒనేజిమ్ కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుని రొట్టె తింటున్నాడు.

"బావా, చెక్క ఎండలేదు," అన్నాను.

"ఏ చెక్క?"

"నీ అచ్చు. అది ఉన్నట్టే ఉంది. రేయాల్ కాలు పరుచుకుంది."

ఒనేజిమ్ నమలడం ఆపాడు. "నలభై ఏళ్ళ నుంచి చెక్క పని చేస్తున్నా మరదలా. మేపుల్ వేడికి ఎండుతుంది. నువ్వు లిప్‌స్టిక్ సంగతి చూసుకో."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి. వాదించే ఓపిక నాకు లేదు. "అయితే మిగతా సైజుల అచ్చులు ఎండాయేమో ఎప్పుడైనా కొలిచి చూశావా?" అన్నాను. "అవీ ఈ గదిలోనే, ఈ గొట్టాల కిందే ఉన్నాయి. ఎండాల్సి వస్తే అన్నీ ఎండాలిగా."

 మిగతా అచ్చులు ఈ అచ్చుని చూసి పెంచినవీ తగ్గించినవీ కాబట్టి, ఆయన వాటినెప్పుడూ విడిగా కొలవలేదు. ఆ సంగతి అప్పుడే తట్టినట్టు గోడవారనున్న అరలవైపు చూశాడు. రొట్టె పక్కన పెట్టి, రేయాల్ అచ్చుని ఒళ్ళో పెట్టుకుని, సన్న కత్తితో మడమ దగ్గర తోలు అంచు లేపాడు. ఒక ముక్క ఊడొచ్చింది. దాని కింద ఇంకోటి, దాని కింద ఇంకోటి. ఉల్లిపాయ ఒలిచినట్టు ఒలుస్తూ పోయాడు. మధ్యలో ఒకసారి ముక్కు ఎగబీల్చాడు. అన్నీ ఒలిచాక కింద మేపుల్ చెక్క బయటపడింది. ఎక్కడా పగులు లేదు, వంకర లేదు. దాని మధ్యలో తమ్ముడి పాతికేళ్ళ వయసు వంపు ఉంది.

దాన్ని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూశాడు.

"వాడికి చెప్పావా?" అన్నాడు.

"లేదు."

"నేను చెప్పలేను."

"నేనూ చెప్పలేను."

"అయితే బూటు చేద్దాం," అన్నాడు ఒనేజిమ్. "వాడికి బూటు చెబితే అర్థమవుతుంది."

తుపాను తగ్గేలోగా, మిగిలిపోయిన తోలుతో, ఆ ఉత్త చెక్క మీద ఒక జత తయారైంది. పై కుట్టు నేనే కుట్టాను, భోజనాల వేళ, నడుం విరుగుతున్నా. ఎవరైనా అడిగితే పాత జత బాగుచేస్తున్నానని చెప్పాను.

దారులు తెరుచుకున్న రోజు పొద్దున, తోలు బండి గేటులోకి వస్తూండగా, ఒనేజిమ్ ఆ జత తెచ్చి బెంచీ మీద తమ్ముడి పక్కన పెట్టాడు. జాంగ్రా గారు తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. క్లెర్మాన్ చలికి చేతులు రుద్దుకుంటూ అప్పుడే వచ్చాడు.

"ఏంటన్నయ్యా ఇది?" అన్నాడు రేయాల్.

"వేసుకో."

రేయాల్ బూటు తిప్పి చూశాడు. మడమలో బొటనవేలు పెట్టి తడిమాడు. ఆ వేలు అక్కడే ఆగిపోయింది. అన్న వైపు చూశాడు, తర్వాత నా వైపు. నేను గచ్చు వైపు చూశాను. ఆయన లేసులు కింది కంత దాకా వదులు చేసి కాలు దూర్చాడు. దూరలేదు. రెండోసారి పళ్ళు బిగించి తోసి, మడమ నేలకేసి కొట్టి, ఎప్పటిలాగే కింద వదులుగా, చీలమండ దగ్గర బిగువుగా లేసు లాగాడు. అంత నొప్పిలోనూ ఏ మెట్టూ వదల్లేదు.

మంచు మీద ఆయన ఈసారి ఎవరినీ మురిపించలేదు. మలుపుల్లో పెదవి కొరుక్కుంటున్నాడు. ఒక చుట్టు చాలు, తెలిసిపోతుంది. ఆయన ఆగలేదు. ముందుకీ వెనక్కీ, అడ్డంగా, ఆగి మళ్ళీ, పరీక్షలో చేయాల్సినవన్నీ ఒక్కోటీ చేశాడు. జాంగ్రా గారు రెండుసార్లు నన్ను అడిగారు, ఏమైందీయనకి అని. నేను బూటు చూస్తున్నాడండీ అన్నాను.

వచ్చి కూర్చున్నాక నేనే బూట్లు లాగాను. ఇన్నేళ్ళలో ఆ కాలి మీద అన్ని ఎర్రమచ్చలు చూడలేదు. బొటనవేలి కణుపు దగ్గర, చిటికెనవేలి పక్కన, అరికాలి లోపలివైపు పొడుగునా. అలవాటుగా నా చెయ్యి లిప్‌స్టిక్ మీదికి వెళ్ళింది. తీసుకోలేదు. దేన్ని తోయిస్తాను బయటికి?

"క్లెర్మాన్," అన్నాడు రేయాల్. "నువ్వు వేసుకో."

"వేడిగా ఉంటుందేమో లోపల."

"వేసుకో అంటున్నాగా."

క్లెర్మాన్ కట్టుకుని వెళ్ళాడు. మొదటి మలుపులో అలవాటైన భయంతో ఒళ్ళు బిగబట్టి తిరిగాడు. రెండో మలుపులో మర్చిపోయి ఒరిగాడు. ఆ తర్వాత అతన్ని పిలిచినా రాలేదు, అలా తిరుగుతూనే ఉన్నాడు. చివరికి వచ్చి బెంచీ మీద కూర్చుని బూటు విప్పకుండా దాన్నే చూస్తున్నాడు.

"చెప్పు," అన్నాడు రేయాల్.

"చెప్పడానికేముంది? కాళ్ళకి ఏదో వేసుకున్నానన్న సంగతే మర్చిపోయా."

బూటు తీశాక నేను చూశాను. మడమకి రెండు పక్కలా లేత గులాబీ రంగు, వేళ్ళ కొసలు తెల్లగా. ఇంకెక్కడా ఏమీ లేదు.

జాంగ్రా గారు మాత్రం క్లెర్మాన్ మాట వినిపించుకోలేదు. ఆయనకి అలవాటైన చోటికే తిరిగారు. "రేయాల్, నువ్వు చెప్పు. ఎలా ఉంది?"

అక్కడ రేయాల్ బిగువుగా ఉందని ఒక్క మాటంటే చాలు. అందరూ నమ్మేవారు. బండిలో తోలు పాత అచ్చుకే తెగేది. ఒనేజిమ్ కాదనలేడు, నేను కాదనలేను.  రేయాల్ తన కాలి మీద మచ్చలు చూసుకుంటూ కూర్చున్నాడు. అవి ఒక్కొక్కటే మాసిపోతున్నాయి.

"బూటు బాగుంది," అన్నాడు. "తోలు దీన్నిబట్టి కోయించండి."

"కానీ నీ కాలు చూడు, ఎలా..."

"నా కాలి సంగతి ఇంట్లో చూసుకుంటాం. బూటులో తప్పు లేదు. అచ్చుకి క్లెర్మాన్ కాలు తీసుకోండి. మంచి కాలు." మేజోళ్ళు తొడుక్కుని, కోటు తీసుకుని, ఎవరికోసం ఆగకుండా వెళ్ళిపోయాడు. బయట మంచులో మెల్లగా, కాస్త కుంటుతూ నడుస్తుంటే కిటికీలోంచి కనిపించాడు. వెనక వెళ్ళాలనిపించింది. వెళ్ళలేదు. ఆయన్ని అలా ఎవరైనా చూస్తున్నారని తెలిస్తే కుంటకుండా నడవాలని చూస్తాడు.

సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి స్నానాల గదిలో తొట్టి అంచు మీద కూర్చుని, ఉప్పు వేసిన వేణ్ణీళ్ళలో కాళ్ళు పెట్టుకుని ఉన్నాడు. ఒనేజిమ్ మేడ మీదికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. నేను గుమ్మంలో మూసిపెట్టిన బట్టలబుట్ట మీద కూర్చున్నాను. కోటు విప్పే ఓపిక కూడా లేదు.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?" అన్నాడు.

"నవంబరు నుంచి."

"అన్నయ్యకి?"

"తుపానప్పట్నుంచి."

తల ఊపాడు. కాళ్ళు నీళ్ళలో కదిపాడు. కోపం వస్తుందని చూశాను. రాలేదు.

"చెప్పొచ్చుగా ఫెర్నాండ్."

"ఎలా చెప్పను? ఏమని చెప్పను?" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ప్రతి రాత్రీ చెబుదామనుకున్నా. పొద్దున లేచి నువ్వు గోడ పట్టుకుని నడుస్తుంటే ఇవాళ వద్దులే అనుకున్నా. నాకు భయమేసింది రేయాల్. అదొక్కటే కారణం."



"సెప్టెంబరులో అన్నయ్య టేపు పెట్టినప్పుడు వేళ్ళు ముడుచుకున్నా," అన్నాడు, నీళ్ళలోకి చూస్తూ. "కొలత తగ్గుతుందని. పోయినేడూ ముడిచా. అంతకుముందు ఏడూ. అయినా పెరిగినట్టే వచ్చింది. అన్నయ్య చెక్క ఎండింది అంటుంటే అవునన్నా."

నేను ఆయన వైపు చూశాను.

"క్లెర్మాన్ మడమ లేస్తోందన్నప్పుడు కూడా తెలుసా?"

"ఆ బూటులో నా కాలు అంత హాయిగా ఎందుకుందో నాకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ఎవరైనా అంటారేమోనని చూశా. అందరికంటే ముందు నువ్వే అంటావనుకున్నా. నువ్వనలేదు. అయితే నిజం కాదేమో అనుకున్నా. ఆ కాలేజీ కుర్రాడికి మోకాలు వాచిందనేసరికి..." అక్కడ ఆపేశాడు.

చలికాలమంతా ఒకే బల్ల దగ్గర భోంచేసి, ఒకే మంచం మీద పడుకుని, ఇద్దరం ఒకే మాటని ఒకరికొకరు తెలియకుండా మోశాం. ఇద్దరిలో ఎవరు దించినా రెండోవాళ్ళ బరువు కూడా దిగేది. అది తలుచుకుంటే ఆయన మీద కోపం వచ్చింది, నా మీదా వచ్చింది, రెండూ నిలబడలేదు. లేచి తువ్వాలు తెచ్చి ఇచ్చాను. ఆయన తుడుచుకోలేదు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"క్లెర్మాన్‌ కాలికి అచ్చు ఎప్పుడు తీస్తారట?"

"రేపు పొద్దున. జాంగ్రా గారు ఆగలేకపోతున్నారు."

"వాడికి ఎవరైనా చెప్పారా?"

"ఏమని?"

"ఏం చేయాలో. వాడికేం తెలుసు?" తల ఎత్తాడు. "ఫోన్ చెయ్. ఇవాళ గోళ్ళు తీసుకోమను. మరీ పొట్టిగా కాదు. రేపు ఉత్తరాలు పంచకముందే రమ్మను, నడిచాక కాలు ఉబ్బుతుంది. ఇంట్లోంచి సరాసరి రావాలి. వచ్చేటప్పుడు ఉన్ని మేజోళ్ళు వద్దు, చారలు పడతాయి."

నేను వంటింట్లోకి వెళ్ళి గోడ మీది ఫోను తీసుకుని నంబరు తిప్పాను. క్లెర్మాన్ ఏదో తింటూ ఎత్తాడు. ఉత్తరాలకి ముందే రావాలని చెప్పాను, మేజోళ్ళ సంగతి చెప్పాను. అతను నమలడం మానేసి, భయం భయంగా అడిగాడు.

"రేయాల్ ఏమంటున్నాడు ఫెర్నాండ్?"

స్నానాల గదిలో నీళ్ళు ఒంపేసిన చప్పుడు వినిపించింది.

"గోళ్ళు తీసుకుని రమ్మంటున్నాడు," అన్నాను.